ఒంటిగంట ఇంజక్షన్

కువైట్‌లో, దజీజ్‌లో ఆ గోడౌన్ బయట ఎండ నలభై ఆరు డిగ్రీలు. లోపల చల్లగదిలో నాలుగు. ఆ నాలుగు డిగ్రీల్లో, మందుల పెట్టెల మధ్య ప్లాస్టిక్ స్టూలేసుకుని, స్వెట్టర్ గుండీలు గడ్డం దాకా పెట్టుకుని, ఏజెంట్ గురుమూర్తి ఒక ముసలాయన్ని ఎలా కాపాడాలో వింటున్నాడు.

బయట బోర్డు మీద అతను కార్గో కంపెనీ మేనేజరు. రాయచోటి, లక్కిరెడ్డిపల్లె వాళ్లు పాలపొడి డబ్బాలు, దుప్పట్లు, తలనొప్పి బాములు అట్టపెట్టెల్లో కుక్కి తాళ్లు బిగించి తెస్తే ఇండియాకి పంపిస్తాడు. వెనక ఆసుపత్రుల మందులు దాచే చల్లగది. దాని గోడలు మూరెడు మందం. మాట బయటికి పోదు, ఫోన్ సిగ్నల్ లోపలికి రాదు. అందుకే చీఫ్‌కి ఈ గదంటే ఇష్టం. ఢిల్లీ నుంచి ఎప్పుడొచ్చినా ఆడిటర్ వేషంలో వచ్చి ఇక్కడే వణుకుతూ కూర్చుంటాడు.

"డాక్టర్ వెంకటరాముడు. గణితం. డెబ్బై రెండేళ్లు. సొంతూరు అనంతపురం దగ్గర. ఎల్లుండి శనివారం పదకొండింటికి షర్క్‌లోని హోటల్లో ఉపన్యాసం."

"దేని మీద?"

"కెనడా వాళ్లు కనిపెట్టిన వస్తువుల మీద. అక్కడ ఎగ్జిబిషన్ నడుస్తోంది. ఈయన వయసులో ఉండగా టొరంటోలో చదివాడు. అది కవర్. అసలు పని వేరే."

అసలు పని సముద్రం అడుగున ఉంది. మన కేబుల్‌కి ఎవరో చెవి ఆనించారు. ఆ చెవి ఏ మైలు దగ్గరుందో లెక్కగట్టగల మనిషి దేశం మొత్తానికి వెంకటరాముడు ఒక్కడే. ఆయన లెక్క ఇంకా పూర్తికాలేదు, కాగితం మీద పెట్టే అలవాటూ లేదు. ఆయన పోతే లెక్క కూడా పోతుంది.

"చంపడానికి వచ్చింది?"

"మేపుల్. పేరు అదొక్కటే తెలుసు. మొహం తెలీదు. ఇంతవరకు నలుగురిని చంపాడు, నలుగురూ సహజంగా పోయారనే డాక్టర్లు రాశారు." చీఫ్ చేతులు రుద్దుకున్నాడు. "ముసలాయనకి షుగర్. రోజూ సరిగ్గా ఒంటిగంటకు ఇన్సులిన్, ఒంటిగంటన్నరకు భోజనం. నలభై ఏళ్లుగా ఒక్కరోజు తప్పలేదు. ఉపన్యాసం అయ్యేసరికి పన్నెండున్నర. అక్కణ్ణుంచి ఆయన తాగే నీళ్లు, తినే ముద్ద నీ కళ్లముందు జరగాలి. కోడ్ రాసుకో. 'టొరంటోలో మంచు పడిందా?' జవాబు, 'దజీజ్‌లో ఇంకా పడలేదు.'"

గురుమూర్తి రాసుకోలేదు. ఆ మాట మామూలుగా అన్నవాణ్ణి కువైట్‌లో ముందు పిచ్చాసుపత్రికి పంపుతారు. కానీ చీఫ్‌తో వాదించడం అతని డ్యూటీలో లేదు.

ఎగ్జిబిషన్ నడిపిస్తున్నది రాజ్యశ్రీ. విజయవాడ మనిషి, ముప్ఫై ఆరేళ్లు, ఈవెంట్ కంపెనీ యజమానురాలు. పట్టుచీర కట్టినా పాంటూ కోటూ వేసినా ఆమె లిఫ్ట్ దిగిన ఐదు నిమిషాల దాకా లిఫ్టులో సెంటు వాసన పోదు. రెండేళ్లుగా డిపార్ట్‌మెంటుకి కబుర్లు మోస్తోంది. ఆర్నెల్లుగా అవతలివాళ్లకి కూడా మోస్తోందని గురుమూర్తి అనుమానం. అనుమానమే కాదు, కొంచెం ఇష్టం కూడా ఉంది. ఈ రెండూ ఒకే మనిషి మీద ఉండటం ఈ ఉద్యోగంలో మామూలే.

డాక్టరుగారికి బస బ్నీద్ అల్ గార్‌లో ఒక గెస్ట్ ఫ్లాట్. పై అంతస్తులో రాజ్యశ్రీ ఇల్లు. ఆ రెండిళ్లలో వంటా, తుడుపూ చేసేది తిరుపాలమ్మ. ఆమె గురుమూర్తి మనిషి.

తిరుపాలమ్మది లక్కిరెడ్డిపల్లె దగ్గర పల్లె. ఆరేళ్ల క్రితం వచ్చింది. వీసా ఇచ్చి తెచ్చుకున్న మొదటి కఫీల్ ఇంట్లో రెండేళ్లు పడి, ఒకరోజు కట్టుబట్టలతో బయటపడింది. అలా బయటపడిన వాళ్లని మనవాళ్లు ఖల్లివల్లి అంటారు. దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు ఉండదు, ఆసుపత్రి మెట్లెక్కడానికి ఉండదు, రోడ్డు మీద పోలీసు కనిపిస్తే గోడ వైపు తిరగాలి. ఔట్‌పాస్ ఇప్పించి ఇంటికి పంపిస్తానని చెప్పి గురుమూర్తి ఆమెని పనిలో పెట్టుకున్నాడు. ఆ మాట అతను నిజంగానే అన్నాడు. ఎప్పుడన్నది మాత్రం చెప్పలేదు.

ఆమెని కలవడానికి ఏసీ మెకానిక్ వేషంలో వెళ్లేవాడు. మొదటిసారి వెళ్లినప్పుడు ఆమె అతని మొహంలోకి చూసి, "మీసం ఊడొస్తాండాది సార్, అద్దుకోండి," అని తడిగుడ్డ ఇచ్చింది. గుండీలో కెమెరా ఇస్తే మూడోరోజున జాకెట్‌తో పాటు ఉతికేసింది. చివరికి పనికొచ్చింది మిస్డ్ కాల్ ఒక్కటే. ఊళ్లకు ఫోన్ చేసే మనవాళ్లందరికీ తెలిసిన విద్య. ఒక మిస్డ్ కాల్ అంటే అంతా బాగుంది. రెండంటే ఎవరో వచ్చారు. మూడంటే వెంటనే రండి. నోరు తెరిచి మాత్రం ఫోన్లో ఒక్క మాట మాట్లాడకూడదు. అది గురుమూర్తి పెట్టిన రూలు.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె వంటగదిలో నిలబడి రిపోర్టు చెప్పింది. గురుమూర్తి స్టూలెక్కి ఏసీ మూత విప్పుతూ విన్నాడు. డాక్టరుగారు వచ్చి రెండు రోజులయింది. పై ఇంటి మామా నాలుగుసార్లు వచ్చి చూసిపోయింది. కువైట్‌లో ఇంటావిడ ఎవరైనా మామాయే కాబట్టి, విజయవాడ రాజ్యశ్రీ కూడా తిరుపాలమ్మకి మామా అయింది. మొదట్లో ఆవిడ నవ్వి అలా పిలవద్దంది. తర్వాత అలవాటు పడింది. ప్రతి శుక్రవారం తిరుపాలమ్మ ఆమె తలకి నూనె పెట్టి నెమ్మదిగా మర్దనా చేస్తుంది. ఆ అరగంట ఆమె ఫోన్ ముట్టుకోదు.

"నిన్న మామాతో ఎవరొచ్చారు?"

"తెల్లాయన సార్. బట్టతల. కెనడా బొమ్మలు తెచ్చినాయనంట."

ఎగ్జిబిషన్ క్యూరేటర్. గురుమూర్తి చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఎంతసేపున్నాడు, ఏ గదిలో కూర్చున్నాడు, చేతిలో ఏముంది అని గుచ్చి గుచ్చి అడిగాడు. ఆమె అన్నిటికీ చెప్పింది. ఆ తర్వాత ఆమె తన సొంత కబుర్లు మొదలుపెడితే, అతను స్క్రూలు బిగిస్తూ ఊ కొట్టాడు.

పెద్దాయన మంచివాడట. అనంతపురం మాటే మాట్లాడతాడట. ఆయనకీ తనలాగే షుగరుందని తెలిసి, ఈ మందు ఎవరు చేశారో చెప్పాడట. కెనడాలో బాంటింగ్ అని ఒక డాక్టరు. బెస్ట్ అని ఇంకా చదువుకుంటున్న కుర్రాడు. అంతకుముందు ఈ జబ్బొస్తే పిల్లలు ఎండి ఎండి పోయేవాళ్లట. వీళ్లు మందు తీశాక, హక్కులన్నీ మనిషికొక్క డాలరు తీసుకుని యూనివర్సిటీకి రాసిచ్చేశారట.

"ఈ మందు నాది గాదు, లోకానిది అన్నాడంట సార్ ఆయన. అట్లాటోళ్లు గూడా ఉంటారు సూడండి." ఆమె మొహం వెలిగింది. "ఇంగోటి సార్. పెద్దాయన గూడా నా మాదిరే. గడియారం మార్సలేదు."

వంటగది గోడ మీది గడియారం ఇండియా టైములో ఉంటుంది. కూతురు శివపార్వతి కడపలో నర్సింగు చదువుతోంది. అక్కడ ఒంటిగంటకు పిల్ల అన్నం తినే వేళ తిరుపాలమ్మ ఇక్కడ పదిన్నరకి చేతిలో పని ఆపి ఐదు నిమిషాలు కూర్చుంటుంది. మాట్లాడదు, ఊరికే కూర్చుంటుంది. ఆరేళ్లుగా ఇదే ఆమెకి కూతురితో కలిసి భోజనం చెయ్యడం. గురుమూర్తికి ఈ సంగతి తెలుసు. అందుకే ఆ మాటకి కూడా ఊ అన్నాడు.

వెళ్లబోతుంటే గుమ్మం దగ్గర ఆపింది.

"సార్, మందు సీసా. అయిపోయి రెండు దినాలాయె."

గురుమూర్తి నాలుక కరుచుకున్నాడు. మూడు వారాలుగా అడుగుతోంది. ఆమె అతన్ని అడిగిన జీతం అదే, ఇన్సులిన్ సీసాలు రెండు. అతని చల్లగదిలో అవి అట్టపెట్టెలకొద్దీ ఉన్నాయి. అందులోంచి తీస్తే రిజిస్టరులో తేడా వస్తుంది, తేడా వస్తే ప్రశ్నలొస్తాయి, ప్రశ్నలొస్తే కవర్ పోతుంది. సరే, బయట మందుల షాపులో కొనొచ్చు. ఇరవై నిమిషాల పని. ఇరవై నిమిషాలు దొరకని మనిషేం కాదతను. మర్చిపోయాడు, అంతే.

"రేపు తప్పకుండా తెస్తా," అన్నాడు.

"సరే సార్. రేపు శనివారం, నాకు ఒక్కపొద్దు. రాత్రికి గాని తినను. నిదానంగా తెండి."

శనివారం పొద్దున చీఫ్ మళ్లీ చల్లగదిలో కూర్చోబెట్టాడు. ఆఖరి బ్రీఫింగ్. హోటల్ మ్యాపు, తలుపులు, లిఫ్టులు, ఎవరు ఎక్కడ నిలబడాలి. గ్రీన్‌రూమ్ నాలుగో అంతస్తులో. పెద్ద అతిథులు వస్తున్నారు కాబట్టి లోపలికెళ్లే ప్రతివాళ్ల ఫోన్లూ గేటు దగ్గరే ట్రేలో పెట్టేస్తారు. డాక్టరుగారి పక్కన రాజ్యశ్రీ ఉంటుంది.

"ఆమెని నమ్ముతున్నారా సర్?"

"లేదు. అందుకే పక్కన పెట్టాను. కళ్లముందుంటే మంచిది. ఒంటిగంటకి నువ్వుండాలి, అది ముఖ్యం. ఇంకా మూడు గంటలుంది."

పదీ ఐదుకి గురుమూర్తి బయటికొచ్చాడు. ఎండకి కళ్లు మూసుకుపోయాయి. జేబులో ఫోన్ ప్రాణమొచ్చినట్టు వణికి, వరసగా మూడు మిస్డ్ కాల్ మెసేజిలు చూపించింది. తిరుపాలమ్మ నంబరు నుంచి తొమ్మిదీ నలభై ఒకటికి ఒకటి, నలభై రెండుకి ఒకటి, నలభై నాలుగుకి ఒకటి. ఇరవై నిమిషాల క్రితం.

శనివారం అక్కడ సెలవు, రోడ్లు ఖాళీ. బ్నీద్ అల్ గార్‌కి పావుగంటలో చేరాడు. వేషం వేసుకునే టైము లేదు. ఫ్లాట్ తలుపు తీసే ఉంది. వంటగది నేల మీద తిరుపాలమ్మ పడి ఉంది. పక్కింట్లో వంట చేసే హసన్‌బీ ఆమె తలని ఒళ్లో పెట్టుకుని చెంగుతో మొహం తుడుస్తోంది. చీరంతా చెమటకి తడిసిపోయింది. పక్కన ఎర్రమూత సిరంజి, ఇండియా నుంచి తెచ్చుకున్నది.

"ఎంతసేపయింది?"

"అరగంట సార్. అంబులెన్స్‌కి ఫోన్ జేసినా, వస్తాండామన్నారు. చక్కెర రుద్దుతాండా చిగుళ్లకి. మింగడంల్యా."

గురుమూర్తి మోకాళ్ల మీద కూర్చుని పిలిచాడు. తిరుపాలమ్మ కళ్లు సగం తెరుచుకున్నాయి. గుర్తుపట్టింది. నాలుక మడతపడుతోంది, ఒక్కో మాటా ఎక్కడెక్కడి నుంచో లాగి తెస్తున్నట్టుంది.

"పెద్దాయన సీసాలో... ఇరవై తీసుకున్యా సార్. పొద్దున హోటల్‌కి ఐసులో పెట్టి పంపేటప్పుడు. దొంగతనం గాదు... లోకానిదంట గదా."

"సరే. మాట్లాడొద్దు."

"ఇరవైకి ఇంత చెమట పట్టదు. అది మంచి మందు గాదు సార్. పెద్దాయన్ని... ఏసుకోవద్దనండి. అందుకే మూడు జేసినా."

అప్పుడర్థమైంది గురుమూర్తికి. సీసా మీది లేబుల్ ఇండియాది, నలభై యూనిట్ల మందుది. లోపల పోసింది, అతని చల్లగదిలో కూడా ఉండే ఐదువందల యూనిట్లదై ఉండాలి. ముసలాయన తన సిరంజితో తన అలవాటు ప్రకారం ఎక్కించుకుంటే పన్నెండు రెట్లకి పైనే లోపలికి పోతుంది. కాసేపటికి కళ్లు తిరిగి కుర్చీలో ఒరిగిపోతాడు. పెద్దవాడు, షుగర్ మనిషి, డోసు తప్పు లాగి ఉంటాడు పాపం అని అందరూ అనుకుంటారు. సహజంగా. ఆ సీసా ముందుగా తిరుపాలమ్మ ఒంట్లోకి వెళ్లింది. నిన్న రాత్రి నుంచి మెతుకు ముట్టని ఒంట్లోకి.

ఆమె మూడుసార్లు చేసింది తనని రక్షించమని కాదు. అతను ఫోన్ ఎత్తినా ఆమె మాట్లాడేది కాదు. మాట్లాడొద్దన్నది అతనే.

అతను తల ఎత్తాడు. గోడ మీద గడియారం ఒంటిగంటకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఒక్క క్షణం, ఇదేంటి ఇంకా పదీ ఇరవయ్యే కదా అనుకున్నాడు. మరుక్షణం నిన్న తను ఊ కొట్టిన మాట చెవిలో పడింది. పెద్దాయన గూడా నా మాదిరే.

చీఫ్ లెక్క ప్రకారం ఇంజక్షన్‌కి ఇంకా రెండున్నర గంటల పైనే ఉంది. తిరుపాలమ్మ లెక్క ప్రకారం పది నిమిషాలే ఉంది. తిరుపాలమ్మ చెప్పింది ఇంతవరకు ఒక్కటీ తప్పు కాలేదు.

ఆమె చెయ్యి అతని చొక్కా అంచు పట్టుకుని ఉంది. వేళ్లు విడదీశాడు. 

"మీరు పోతాండారా సార్?" అంది హసన్‌బీ.

అతను అప్పటికే గుమ్మం దాటాడు.

షర్క్‌కి ఐదు నిమిషాలు. దారిలో రాజ్యశ్రీ ఫోన్‌కి చేశాడు, మోగుతూనే ఉంది, ట్రేలో ఉండుంటుంది. హోటల్ లాబీలో లిఫ్టులు రెండూ అతిథుల కోసం ఆపి పెట్టారు. మెట్ల తలుపుకి తాళం, తాళంచెవి లోపలెక్కడో ఉంది. గేటు దగ్గర గార్డు ఖాసిం వలి నిలబడి ఉన్నాడు. రాయచోటి మనిషి, రెండు పెట్టెలు గురుమూర్తి కార్గోలోనే పంపాడు. అతని భుజానికి వాకీటాకీ వేలాడుతోంది. అది కూడా కెనడాలో పుట్టిన వస్తువేనని వెనక బోర్డు మీద రాసి ఉంది. అడవుల్లో కూలిన విమానాల వాళ్లు సాయానికి పిలవడం కోసం ఒకాయన చేశాడట.

"ఖాసిం, ఇదెవరికి వినిపిస్తుంది?"

"పైన మేడమ్‌కే సార్. ఒగే ఛానెల్."

నాలుగో అంతస్తులో మాట వినే మనిషి ఒక్కతే. ఆ సీసా మార్చింది కూడా ఆమే. రెండు రోజుల్లో నాలుగుసార్లు ఆ ఫ్లాట్‌కి వెళ్లింది ఆమే, గురుమూర్తికి ఆ సంగతి ఇప్పుడు అనుమానం కాదు. లాబీ గడియారంలో పదీ ఇరవై ఎనిమిది. అతను బటన్ నొక్కాడు. కోడ్ గుర్తుకు రాలేదు, వచ్చినా వాడేవాడు కాదు.

"రాజ్యశ్రీ, గురుమూర్తిని. ఆ సీసాలో మందు తిరుపాలమ్మ వేసుకుంది."

వాకీటాకీ గరగరలాడింది.

"ఎవరు?"

"తిరుపాలమ్మ. పొద్దున. ఇరవై గీతలు."

"అబద్ధం చెప్తున్నారు."

"ఇవాళ శనివారం. ఆమెకి ఒక్కపొద్దు. నీకు తెలుసు."

మళ్లీ గరగర. దూరంగా ముసలాయన గొంతు వినబడింది, దూది ఉందామ్మా అని అడుగుతున్నాడు. గురుమూర్తి మళ్లీ బటన్ నొక్కలేదు.  ఎవరి తలకి తిరుపాలమ్మ చేతులు నూనె పెట్టాయో ఆ మనిషి ఆలోచించుకోవాలి. అప్పుడు గాజు పగిలిన చప్పుడు వినిపించింది, దాని వెనకే ముసలాయన ఉలిక్కిపాటు.

ఈలోగా ఖాసిం వలి తాళంచెవి తెచ్చి తలుపు తీస్తే మెట్లెక్కి పైకి పరుగెత్తాడు. గ్రీన్‌రూమ్‌లో వెంకటరాముడు చొక్కా చేతిని పైకి మడిచి, ఖాళీ చేత్తో నిలబడి ఉన్నాడు. చేతి గడియారం సరిగ్గా ఒంటిగంట చూపిస్తోంది. రాజ్యశ్రీ నేల మీద కూర్చుని ఉంది. పట్టుచీర అంచు తడిసింది, అరచేతిలో గాజు గుచ్చుకుని రక్తం కారుతోంది. సిరంజి ఆమె చెప్పు కింద నలిగిపోయింది.

"బతికే ఉందా?" అంది.

"నేను వచ్చేటప్పటికి ఉంది."

"ముసలాయన నిద్రలో పోతాడన్నారు. నొప్పి తెలీదన్నారు." ఆమె ఎవరితోనో కాక తనతో తను చెప్పుకుంటోంది. "నన్ను మామా అంటుందండీ ఆవిడ."

గురుమూర్తి శుక్రవారమే అనుమానించినట్టు, క్యూరేటర్ బట్టతల కింద మేపుల్ పది నిమిషాల తర్వాత దొరికాడు. హాల్లో మొదటి వరసలో కూర్చుని, ఉపన్యాసం ఎందుకు రద్దుకాలేదా అని చూస్తున్నాడు. చీఫ్ మనుషులు రెండు వైపులా కూర్చుని, టొరంటోలో మంచు పడిందా అని అడిగారట. జేబులో మధ్యాహ్నం ఫ్లైటు టికెట్ ఉంది. పాస్‌పోర్టులు మూడు.

ప్రోగ్రాం ఆగకూడదని చీఫ్ ఆర్డరు. అవతలి వాళ్లకి ఏదీ తేడాగా అనిపించకూడదు. వెంకటరాముడికి సీసా పగిలిందని మాత్రమే చెప్పారు. వేరే సీసా, సిరంజి తెప్పించి గురుమూర్తే చూసి ఇచ్చాడు. మందుల షాపు నుంచి అది రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. గురుమూర్తి లెక్కపెట్టాడు.

పదకొండు దాటాక, నాలుగు ముద్దలు తిని పెద్దాయన వేదికెక్కాడు. గురుమూర్తి హాలు చివర గోడకి ఆనుకుని నిలబడ్డాడు. డ్యూటీ కాబట్టి అతని ఫోన్ మాత్రం ట్రేలో పెట్టలేదు, చేతిలోనే ఉంది. ముసలాయన ముందుగా ఫ్లెమింగ్ అనే కెనడా ఇంజనీరు కథ చెప్పాడు. ఆయన ఒకసారి ఐర్లండ్‌లో స్టేషనుకి వెళ్తే, టైంటేబుల్లో తప్పు పడటం వల్ల రైలు తప్పిపోయిందట. రాత్రంతా స్టేషన్లో కూర్చుని, ఊరికో టైము కాక లోకమంతటికీ ఒక లెక్కలో టైముండాలని ఆలోచించాడట. రైలందని ఒక మనిషి వల్ల మనందరికీ గంటలు కుదిరాయి అన్నాడు. జనం నవ్వారు.

తర్వాత ఇన్సులిన్ దగ్గరికొచ్చాడు. టొరంటో ఆసుపత్రిలో మొదటిసారి ఆ మందు ఎక్కించుకున్న పద్నాలుగేళ్ల కుర్రాడి గురించి చెప్పాడు. ఎముకల గూడులా ఉన్నవాడు లేచి కూర్చున్నాడట. మనిషికొక్క డాలరు గురించి చెప్పాడు. "నిన్న ఒకామెకి ఈ మాట చెప్తే, అట్లాటోళ్లు గూడా ఉంటారు సూడండి అనింది. మీరందరూ డాక్టర్లు, ఇంజనీర్లు. నాకు దానికంటే మంచి ముగింపు తోచలేదు," అన్నాడు.

చప్పట్ల మధ్య గురుమూర్తి చేతిలో ఫోన్ మోగింది. హసన్‌బీ. అతను మిస్డ్ కాల్ కావాలనుకున్నాడు. ఒక్కసారి మోగి ఆగిపోవాలని, ఒకటంటే అంతా బాగుందని, మనసులో మొక్కుకున్నాడు. అది ఆగకుండా మోగింది. ఎత్తాడు.

"ఖలాస్ సార్," అంది హసన్‌బీ. "అంబులెన్స్‌లోనే."

మిగిలింది కాగితాల పని. నాలుగేళ్లు రాని ఔట్‌పాస్ పోయిన మనిషికి నాలుగు రోజుల్లో వచ్చింది. చీఫ్ ఫోన్ చేస్తే వచ్చింది, అంతకుముందు కూడా వచ్చేదే. గోడౌన్‌లో తిరుపాలమ్మ పేరుతో రెండు నెలలుగా ఒక అట్టపెట్టె ఉంది. మార్కరుతో కొక్కిరి అక్షరాల్లో కూతురి పేరు, ఊరు. కార్గో రూలు ప్రకారం గురుమూర్తి తెరిచి చూడాలి. దుప్పటి, పాలపొడి, సబ్బులు, అడుగున గుడ్డలో చుట్టి ఒక స్టెతస్కోపు. దాన్ని మాత్రం వెంకటరాముడు తన చేత్తో తీసుకెళ్తానన్నాడు. అప్పటికి ఆయనకి అంతా చెప్పారు. విమానాశ్రయంలో ఆయన గురుమూర్తి భుజం మీద చెయ్యి వేసి, తీసేశాడు. తిరుపాలమ్మ కింద సరుకుల అరలో, ఆయన పైన సీట్లో, ఒకే విమానంలో వెళ్లారు. లెక్క కూడా విమానంలోనే పూర్తి చేశాడట. కేబుల్ మీది చెవి దొరికింది.

రాజ్యశ్రీ చెప్పాల్సినవన్నీ చెప్పింది. చెప్పేముందు ఒకటే అడిగింది, ఆవిడ కూతురికి ఎవరు చెప్పారు అని. నేనే చెప్పాను అన్నాడు గురుమూర్తి. ఏం చెప్పారో ఆమె అడగలేదు.  ఆ పిల్ల ఫోన్లో ఏడవక ముందు, నర్సింగు చదువుతున్న పిల్ల కదా, "అమ్మ దగ్గర మందుండింది గదా సార్?" అని అడిగింది.

వారం తర్వాత చల్లగదిలో చీఫ్ ఫైలు మూసేస్తూ రిపోర్టు చదివి వినిపించాడు. ఆపరేషన్ సక్సెస్. శత్రువు పట్టుబడ్డాడు. మనవైపు నష్టం అన్నచోట 'నిల్' అని ఉంది. జాబితాలో లేని మనిషిని నష్టంలో రాయడం కుదరదు మరి. గురుమూర్తి సంతకం పెట్టడానికి చెయ్యి చాపాడు. స్వెట్టర్ చెయ్యి పైకి జరిగితే చీఫ్ కళ్లు చేతి గడియారం మీద పడ్డాయి.

"నీ గడియారం రెండున్నర గంటలు ముందుంది, గురుమూర్తీ. సరిచేసుకో."

గురుమూర్తి సంతకం పూర్తి చేసి, కలం మూత పెట్టాడు.

"గడియారం సరిగ్గానే ఉంది సర్," అన్నాడు. "ఆలస్యం చేసింది నేనే."